వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బరో

మాఘమాసము గడచి ఫాల్గుణము ప్రవేశించునప్పటికి దమ్మపేట అడవుల రూపు మారిపోవును. ఖమ్మము మైదానములకును భద్రాచల మన్యమునకును నడుమనున్న ఈ వనములలో మోదుగుచెట్లు ఆకు రాల్చి, నిప్పుకణికలవంటి పూలతో నిండును. పూలలోని తేనెకై గోరువంకలు కొమ్మలపై గుమిగూడును. తునికిచెట్లు లేతాకు తొడుగును. ఎండలు ముదిరిన పిదప వేకువజామున ఇప్పపూలు నేల రాలుచుండును. కోయవారు వానిని గంపలలోనికి ఏరుకొందురు. ఎలుగుబంట్లకును ఆ పూలనిన మిక్కిలి ప్రీతి.

మోదుగు, తునికి, ఇప్ప అను పేర్లను అడవిలోని పిల్లలు సైతము ఎరుగుదురు. కాని ఈ చెట్లను నిశితముగ పరిశీలించి, చిత్రములతో సహా లోకమునకు వివరించిన వైద్యుడొకడు కలడు. అతడే విలియం రాక్స్‌బరో.

రాక్స్‌బరో 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరో నగరమున వైద్యమును, దానితోపాటు వృక్షశాస్త్రమును అభ్యసించెను. 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడుగ చెన్నపట్టణము చేరెను. 1781లో కాకినాడకు చేరువనున్న సామర్లకోటకు వచ్చెను. అచ్చట తోట వేసి మిరియము, నీలి, సీమపనస మున్నగువానిని పెంచెను. కంపెనీవారు కోరినది వాణిజ్యలాభము. రాక్స్‌బరో మనస్సు మాత్రము ప్రతి మొక్కయందును లగ్నమై యుండెను. తీరిక దొరికినప్పుడెల్ల అతడు మొక్కలను సేకరించి, ఆరబెట్టి, వాని లక్షణములను వ్రాసి యుంచుచుండెను.

1787వ సంవత్సరమున గొప్ప విపత్తు సంభవించెను. పెనుగాలికి సముద్రము పొంగి కోరంగి, ఇంజరము ప్రాంతములను ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. రాక్స్‌బరో ఏండ్ల తరబడి కూర్చిన మొక్కలు, గ్రంథములు, వ్రాతలు ఆ ఉప్పెనలో నాశనమయ్యెను. మరియొకడైనచో ఆ పని అంతటితో విడిచియుండును. అతడు తిరిగి మొదటినుండి ప్రారంభించెను.

ఈమారు అతడు దేశీయ చిత్రకారుల సహాయము గైకొనెను. కోసిన కొమ్మ వాడకముందే చిత్రకారుడు దాని ఆకును, పూవును, కాయను ఉన్నవి ఉన్నట్లు రంగులతో చిత్రించును. రాక్స్‌బరో పూవును విప్పి దాని భాగములను పరీక్షించును. ఆ మొక్కకు తెలుగువారు పెట్టిన పేరును, దాని ఉపయోగమును విచారించి వ్రాసికొనును. ఇట్లు 1794 నాటికి అయిదువందల చిత్రములు లండనుకు చేరెను. వానిలో మూడువందలను ఎన్నుకొని, 1795 మొదలు 1820 వరకు మూడు సంపుటములుగ ముద్రించిరి. మోదుగు, ఇప్ప, తునికి మొదటి సంపుటమునందే కలవు.

ఆ కాలముననే ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చెను. ప్రజల అగచాట్లను చూచి రాక్స్‌బరో ఊరక యుండలేదు. కొబ్బరి, సీమపనస వంటి చెట్లను విరివిగ పెంచినయెడల వానలు లేని ఏట అవి ప్రజలకు ఆధారమగునని అధికారులకు తెలియజేసెను.

1793లో అతడు కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతి అయ్యెను. అచ్చట ఇరువది సంవత్సరములు పనిచేసి, ఆరోగ్యము క్షీణింపగా 1813లో భారతదేశమును విడిచెను. 1815లో ఎడింబరోలో మరణించెను. భారతదేశపు మొక్కలను గూర్చి అతడు రచించిన మహాగ్రంథము మరణానంతరమే వెలువడెను. అతడు వ్రాయించిన రెండువేల అయిదువందలకు పైబడిన చిత్రములు కలకత్తాలోను, లండను చెంతనున్న క్యూ ఉద్యానములోను భద్రపరుపబడి యున్నవి.

తునికి, ఏగిస మున్నగు చెట్ల శాస్త్రనామముల చివర రాక్స్‌బరో పేరును నేటికిని పొట్టిగ వ్రాయుదురు. ఆ చిత్రములను గీసినవారిలో అనేకుల పేర్లుగాని, చెట్ల పేర్లు చెప్పిన పల్లెవాసుల పేర్లుగాని ఎచ్చటను కానరావు. రాక్స్‌బరో పట్టుదలతోపాటు వారి నేర్పును, ఎరుకయును ఆ గ్రంథములలో నిలిచియున్నవి. వారినందరిని స్మరించుట మనకు విధి.