పిడుగుకు చిక్కని పెట్టె – మైకేల్ ఫారడే

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయమని మిత్రులు కోరారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బడుల్లో సైన్సు చెప్పి రిటైరైన నాకు మైకేల్ ఫారడే తప్ప మరొకరు తోచలేదు. ఆయన చెప్పిన సంగతి తెలియక నేను చేసిన తప్పు కూడా ఒకటుంది. అది చివర మనవి చేసుకుంటాను.

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ దగ్గర ఒక కమ్మరి ఇంట పుట్టారు. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు ఆ పిల్లవాడికి వారానికి ఒక్క రొట్టెతోనే సరిపెట్టారు. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు – బడి చదువు అంతే. 14వ ఏట పుస్తకాలు బైండు చేసే దుకాణంలో 7 ఏళ్ళ అప్రెంటిసుగా కుదిరారు. బైండుకు వచ్చిన పుస్తకాలను కుట్టడమే కాదు, చదివారు కూడా. ఒక విజ్ఞాన సర్వస్వంలో విద్యుత్తు గురించి చదివి, సొంతంగా చిన్న విద్యుత్ యంత్రం చేసుకున్నారు. 1812లో సర్ హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విని, రాసుకున్న నోట్సును తానే బైండు చేసి ఆయనకు పంపారు. 1813 మార్చిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సహాయకుడి ఉద్యోగం దొరికింది. 1831లో అయస్కాంతంతో తీగలో కరెంటు పుట్టించారు. మన జూరాల జనరేటర్లకు మూలం అదే.

పింఛనుదారులమైన మనం మరువరాని ఘట్టం 1835లో జరిగింది. ప్రభుత్వం ఆయనకు పింఛను ఇవ్వదలచింది. ప్రధాని మెల్బోర్న్ మాటల సందర్భంలో శాస్త్రజ్ఞులకు పింఛన్లు ఇవ్వడాన్నే చులకన చేశారు. ఫారడే అదే రోజు పింఛను వద్దని చీటీ రాసి పంపారు. చివరకు ప్రధాని రాతపూర్వకంగా విచారం తెలిపాకే, ఏడాదికి 300 పౌండ్లు స్వీకరించారు. పింఛను భిక్ష కాదని ఆయన ఆనాడే చూపించారు.

కొద్ది వారాలకే, 1836 జనవరిలో, ఆయన ఒక విచిత్రమైన పెట్టె కట్టించారు. 12 అడుగుల పొడవు, అంతే వెడల్పు, అంతే ఎత్తు. కర్ర చట్రానికి రాగి తీగలు అల్లి, కాగితం, తగరపు రేకు అంటించారు. నేలకు తగలకుండా నిలిపి, బయటి నుంచి యంత్రంతో బలమైన విద్యుదావేశం ఎక్కించారు. వెలిగించిన కొవ్వొత్తులు, ఆవేశాన్ని పసిగట్టే పరికరాలు తీసుకొని తానే లోపల కూర్చున్నారు. బయట నిప్పురవ్వలు ఎగురుతున్నాయి. లోపల పరికరాల్లో చలనం లేదు.

1843లో మంచుగడ్డలు పెట్టే లోహపు బకెట్టుతో ఇంకో ప్రయోగం చేశారు. దాని బయటి గోడకు బంగారు రేకుల పరికరం తగిలించి, ఆవేశం ఉన్న ఇత్తడి బంతిని పట్టుదారంతో లోపలికి దించారు. రేకులు విచ్చుకున్నాయి. బంతిని అడుగుకు తాకించినా ఆ విచ్చుకోవడం ఏమీ మారలేదు. పైకి తీసి చూస్తే బంతిలో ఆవేశం లేదు. బకెట్టు లోపలా లేదు. ఉన్నదంతా బయటి గోడ మీదే.

కారణం సులభం. ఒకే రకం ఆవేశాలు పడని దాయాదుల వంటివి. ఒకదాన్నొకటి తరుముకుంటాయి. గాజులో, పట్టుదారంలో కదలలేక ఉన్నచోటే ఉంటాయి. లోహంలో అడ్డు లేదు కనుక, జరగగలిగినంత దూరం జరిగి బయటి ఉపరితలానికి చేరుకుంటాయి.

ఫారడేకు తరువాత జ్ఞాపకశక్తి సన్నగిల్లింది. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి ఇస్తామన్నా వద్దన్నారు. విక్టోరియా రాణి 1858లో హాంప్టన్ కోర్టు దగ్గర ఇల్లు ఇచ్చారు. 1867 ఆగస్టు 25న అక్కడే కుర్చీలో కూర్చుని కన్నుమూశారు.

ఇక నా తప్పు. ఉరుములప్పుడు బస్సులో ఉంటే భయం లేదని, రబ్బరు టైర్లే కాపాడతాయని గద్వాలలో, వనపర్తిలో ఏళ్ళ తరబడి చెప్పాను. నాగర్‌కర్నూలులో ఒక పిల్లవాడు లేచి, సైకిలుకూ రబ్బరు టైర్లే కదా, మరి దానిమీద పోయినా భయం లేదా అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. ఆ వారమే గ్రంథాలయంలో ఫారడే పెట్టె గురించి చదివాను. మబ్బుల నుంచి కిలోమీటర్ల గాలిని చీల్చుకొని వచ్చే పిడుగుకు రెండంగుళాల రబ్బరు ఒక లెక్కా? కాపాడేది చుట్టూ ఉన్న లోహపు గూడు. పిడుగు దాని బయటి నుంచే నేలకు దిగిపోతుంది.

ఆ పిల్లవాడి తరగతికి తప్పు దిద్ది చెప్పాను. అంతకుముందు చదివినవారికి చెప్పే అవకాశం రాలేదు. వారిలో చాలామంది ఇప్పుడు పత్తి, వేరుశనగ పండించే రైతులు. ఈ మూడు ఊళ్ళూ 2016లో మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి గాని, పిడుగుల కాలం మాత్రం మారలేదు. కనుక ఈ సంచిక చదివే కుటుంబాలకు నా మనవి. పైకప్పు ఉన్న కారులో, బస్సులో ఉంటే అద్దాలు మూసుకొని, లోహం తాకకుండా కూర్చోండి. మోటారు సైకిలు, పైకప్పు లేని ట్రాక్టరు, గోడలు లేని రేకుల పందిరి ఫారడే పెట్టెలు కావు. చెట్టు కింద నిలబడడం మరీ ప్రమాదం. మబ్బు పట్టగానే చేను వదిలి ఇల్లు చేరడమే మేలు. మీ మనవలకు ఈ మాట చెబితే నా బాకీ కొంత తీరుతుంది.