పక్షవాతానికి లొంగని పాశ్చర్

లూయీ పాశ్చర్ 1822లో ఫ్రాన్స్‌లోని డోల్ పట్టణంలో జన్మించారు. తండ్రి తోళ్లు శుద్ధి చేసేవారు. 1868లో, 45 ఏళ్ల వయసులో పక్షవాతం వచ్చి ఆయన ఎడమ చేయి, ఎడమ కాలు చచ్చుబడ్డాయి. అయినా పరిశోధన ఆపలేదు. 1885లో పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుణ్ని టీకాతో కాపాడారు. 1895లో కన్నుమూశారు.

ఆయన కాలంలో లేని వైద్యం నేడుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ రక్తనాళం సన్నబడితే స్కానింగ్‌లో తెలుస్తుంది. మందులు, అవసరమైతే శస్త్రచికిత్స లేదా స్టెంటు పక్షవాతం ముప్పును తగ్గిస్తాయి. రక్తపోటును అదుపులో ఉంచుకోవాలి, పొగ మానాలి.

పిల్లలూ! హోప్ టౌన్ నుంచి ఊళ్లోని తాతయ్యతో ఫోన్లో మాట్లాడుతుండగా ఆయన మాట హఠాత్తుగా ముద్దగా వస్తే వెంటనే అమ్మానాన్నలకు చెప్పండి. అక్కడివాళ్లు 108కి ఫోన్ చేయాలి. ప్రతి నిమిషమూ విలువైనదే.