పట్టికల పితామహుడు ఎడ్గార్ కాడ్

బ్యాంకులోనైనా, రైల్వే రిజర్వేషన్‌లోనైనా, మన స్కాలర్‌షిప్ జాబితాలోనైనా కంప్యూటర్ క్షణంలో మన పేరు వెతికి పెడుతున్నది. దీని వెనుక ఎంతోమంది కృషి ఉన్నది. వారిలో మొదట చెప్పుకోవలసిన మహనీయుడు ఎడ్గార్ ఫ్రాంక్ కాడ్. చివ్వెంల హాస్టల్ తమ్ముళ్లకు ఆయన జీవితం తెలియాలని మేము ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

కాడ్ 1923 ఆగస్టు 19న ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్ దీవిలో జన్మించారు. ఏడుగురు సంతానంలో చివరివారు. తల్లి ఉపాధ్యాయురాలు. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం, రసాయనశాస్త్రం చదివారు. రెండవ ప్రపంచ యుద్ధంలో విమానం నడిపారు. 1948లో అమెరికా వెళ్లి ఐ.బి.ఎం. సంస్థలో చేరారు. సెనేటర్ మెకార్థీ రాజకీయాలు నచ్చక 1953లో కెనడాకు వెళ్లిపోయారు. కొన్నేళ్లకు తిరిగి వచ్చి, నలభై దాటిన వయసులో, 1965లో మిషిగన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పొందారు. చదువుకు వయసు అడ్డు కాదని దీనివల్ల మనకు తెలుస్తున్నది.

ఆ రోజుల్లో సమాచారం ఎక్కడున్నదో, ఏ దారిన వెళ్లాలో ప్రోగ్రాం రాసేవారే చెప్పవలసి వచ్చేది. దారి మారితే ప్రోగ్రాం పనిచేసేది కాదు. 1970లో కాడ్ ఒక కొత్త పద్ధతి ప్రతిపాదించారు. సమాచారమంతా పట్టికలుగా ఉండాలి. ఏమి కావాలో మనిషి అడగాలి, ఎలా వెతకాలో యంత్రం చూసుకోవాలి. ఇండెక్స్ ఉన్నా తీసేసినా జవాబు మారకూడదు, పట్టే సమయం మాత్రమే మారాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. హాస్టల్ రిజిస్టర్‌లో 100 మంది, జిల్లా స్కాలర్‌షిప్ రిజిస్టర్‌లో 50,000 మంది ఉన్నారనుకుందాం. రెండింటినీ నంబరు ఆధారంగా కలపాలి. ఒక్కొక్కరి కోసం పెద్ద రిజిస్టర్ అంతా తిరగేస్తే 50 లక్షల సార్లు చూడాలి. నంబర్ల వరుసలో ఇండెక్స్ ఉంటే, సగానికి సగం వదులుకుంటూ పోయినా ఒక్కొక్కరికి 16 మెట్లు చాలు. మొత్తం 1,600. అయితే పెద్ద రిజిస్టర్‌లో సగం మంది వివరాలు కావలసినప్పుడు ఇండెక్స్ దండగ. మొదటి పేజీ నుండి వరుసగా చదవడమే మేలు.

ఏది మేలో తేల్చే భాగాన్ని ప్లానర్ అంటారు. ఏ పట్టికలో ఎన్ని వరుసలున్నాయో లెక్క చూసి, ప్రతి దారికీ ఖర్చు అంచనా వేసి, తక్కువ ఖర్చు దారి పడుతుంది. ఐ.బి.ఎం.లో ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో ఈ పద్ధతిని ప్రకటించారు. కాడ్ ఆశయం ఆచరణలో సాధ్యమేనని దానితో రుజువైంది.

సొంత సంస్థే మొదట్లో ఆయన మాటను వెంటనే అందుకోలేదు. అయినా ఆయన పట్టు విడువలేదు. 1981లో ట్యూరింగ్ అవార్డు వరించింది. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో కన్నుమూశారు.

తమ్ముళ్లారా, ఒక్క మాట. ఇండెక్స్ వేగంగా వెతుకుతుంది గానీ తప్పును దిద్దదు. పదవ తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, బ్యాంకు పుస్తకంలో మరో అంకె ఉంటే ఎంత గొప్ప యంత్రమైనా వాటిని కలపలేదు. ఆగిపోయేది మన ఫీజు, మన చదువు. కనుక ఈ రోజే మీ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన ఇళ్లలో మొదటి పట్టా మన చేతికే రావాలి.