గవర్నర్ ఇవ్వని ఉత్తరం.. స్నేహితులిచ్చిన అప్పు

లింక్డ్‌ఇన్ తెరుస్తారు. పెద్ద కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న ఒకాయనకి రిక్వెస్ట్ పెడతారు. ఆయన యాక్సెప్ట్ చేసిన నిమిషంలోనే రెజ్యూమె పంపి రిఫరల్ అడుగుతారు. చాలాసార్లు జవాబు రాదు. ఎప్పుడైనా చూద్దాం అని వస్తే, ఆ ఒక్క మాట పట్టుకుని రెండు మూడు నెలలు వేరే ప్రయత్నం చేయకుండా కూర్చుంటారు. మీరే కాదు, నేనూ చేశాను. మూడు వందల ఏళ్ల కిందట 18 ఏళ్ల కుర్రాడొకడు కూడా ఇలాగే ఒక పెద్దమనిషి మాట నమ్మి ఏకంగా సముద్రం దాటాడు. తర్వాత తప్పు తెలుసుకుని, పరిచయాలు పెంచుకునే పద్ధతినే మార్చేసుకున్నాడు. ఆ కుర్రాడి పేరు బెంజమిన్ ఫ్రాంక్లిన్. అమెరికా వంద డాలర్ల నోటు మీద కనిపించే ముఖం ఆయనదే.

రెండేళ్ల చదువు, మూడు రొట్టెలు

ఫ్రాంక్లిన్ 1706లో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు తయారుచేసేవాడు. ఇంట్లో 17 మంది పిల్లలు. బడి చదువు రెండేళ్లతో ఆగిపోయింది. 12 ఏళ్లకే అన్న నడిపే అచ్చు ప్రెస్‌లో పనికి కుదిరాడు. అన్నతో పడక 17 ఏళ్లప్పుడు ఇంట్లో చెప్పకుండా ఫిలడెల్ఫియా పారిపోయాడు. అక్కడ దిగేసరికి జేబులో ఒక డాలరు, కాస్త చిల్లర మాత్రమే ఉన్నాయి. తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆకలేసి మూడు పెద్ద రొట్టెలు కొన్నాడు. ఒకటి తిని, మిగతా రెండూ తనతోపాటు పడవలో వచ్చిన ఒక తల్లీబిడ్డలకు ఇచ్చేశాడు.

ఓడ దిగాక తెలిసిన నిజం

ఊళ్లో ఒక ప్రెస్‌లో పని దొరికింది. కుర్రాడి తెలివి గురించి విని పెన్సిల్వేనియా గవర్నర్ విలియం కీత్ స్వయంగా వచ్చి కలిశాడు. నీకు సొంత ప్రెస్ పెట్టిస్తాను, లండన్ వెళ్లి యంత్రాలు కొనుక్కో, అక్కడివాళ్లకు పరిచయ ఉత్తరాలు, డబ్బుకు హామీ పత్రాలు ఇస్తానన్నాడు. గవర్నరే మాటిచ్చాక ఇంకేం కావాలి? ఉత్తరాలు ఓడలోకి వస్తాయని చెబితే ఫ్రాంక్లిన్ ఓడెక్కేశాడు. 1724 డిసెంబర్‌లో లండన్ చేరి సంచీలో వెతికితే అతని కోసం రాసిన ఉత్తరం ఒక్కటీ లేదు. కీత్ మాట ఎవరూ నమ్మరని, లండన్‌లో ఆయన హామీకి విలువే లేదని అప్పుడు తెలిసింది.

ఆ సంగతి చెప్పింది తోటి ప్రయాణికుడు, థామస్ డెన్హామ్ అనే వ్యాపారి. లండన్‌లో ఏదో ఒక ప్రెస్‌లో చేరి పని నేర్చుకోమని సలహా ఇచ్చిందీ ఆయనే. 1726లో తన ఖర్చుతో వెనక్కి తీసుకొచ్చి గుమస్తాగా పెట్టుకున్నది కూడా ఆయనే. పెద్ద మాటిచ్చిన గవర్నర్ ఎందుకూ పనికిరాలేదు. పక్కన కూర్చుని ప్రయాణం చేసిన మనిషే ఆదుకున్నాడు.

శుక్రవారం కలిసే మిత్రులు

1727లో ఫ్రాంక్లిన్ కొందరు స్నేహితులను పోగేసి జుంటో అనే క్లబ్బు పెట్టాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం కలిసేవాళ్లు. 12 మందికి మించి చేర్చుకోకూడదని నియమం. వాళ్లెవరో చూడండి. దస్తావేజులు రాసే అతను, అద్దాలు బిగించే పనివాడు, చెప్పులు కుట్టే పని నేర్చిన అతను, ఒక సర్వేయర్, ఒక వడ్రంగి, దుకాణంలో గుమస్తా, కాస్త డబ్బున్న కుర్రాడొకడు. ఊరి పెద్దలు ఎవరూ లేరు.

ప్రతి సమావేశంలో కొన్ని ప్రశ్నలు చదివేవాళ్లు. ఊళ్లో ఎవరి వ్యాపారం దెబ్బతింది, కారణమేంటి? ఎవరిది బాగా నడుస్తోంది, ఎలా? ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకు మనం ఏం చేయగలం? కొత్తగా పని మొదలుపెట్టిన కుర్రాళ్లలో ఎవరికి చేయూతనివ్వాలి? నీకు మా వల్ల ఏ సాయం కావాలి? ఈ చివరిది ఇంకోసారి చదవండి. అక్కడ సాయం అడగడం చిన్నతనం కాదు, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నీ ఇవ్వడం గురించే.

1728లో ఫ్రాంక్లిన్, మెరెడిత్ అనే భాగస్వామితో కలిసి ప్రెస్ పెట్టాడు. పెట్టె విప్పిన వెంటనే ఒక పరిచయస్తుడు, ప్రెస్ కోసం వీధిలో వెతుకుతున్న పల్లెటూరి మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ పనికి వచ్చింది అయిదు షిల్లింగులే. కానీ కొత్తగా పని మొదలుపెట్టేవాళ్లకు తోడ్పడాలని తనకు బలంగా అనిపించింది ఆ తొలి సంపాదనతోనే అని ఆయన తర్వాత రాసుకున్నాడు.

జుంటోలోని దస్తావేజుల రాతగాడు బ్రెయింట్‌నల్, క్వేకర్ల చరిత్ర పుస్తకంలో 40 ఫారాల అచ్చు పని ఇప్పించాడు. కూలి తక్కువ. అయినా రోజుకో ఫారం కంపోజ్ చేయాలని ఫ్రాంక్లిన్ పట్టుబట్టాడు. ఒక రాత్రి పని ముగించి లేవబోతుంటే ఫారం జారి రెండు పేజీల అక్షరాలు చిందరవందరయ్యాయి. అప్పటికప్పుడు మళ్లీ మొత్తం కూర్చి గానీ పడుకోలేదు. అర్ధరాత్రి దాకా ఆ గదిలో వెలిగే దీపాన్ని ఇరుగుపొరుగు చూశారు, నలుగురిలో చెప్పుకున్నారు. అది విని ఒక వ్యాపారి సరుకు అప్పుగా ఇస్తానని ముందుకొచ్చాడు. రిఫరల్ ఒకసారి తలుపు తెరుస్తుంది. ఆ తర్వాత మన గురించి మాట్లాడేది మన పనే.

అడగకుండా వచ్చిన ఇద్దరు

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. మెరెడిత్ తండ్రి ప్రెస్‌కు ఇస్తానన్న డబ్బులో 100 పౌండ్లు కట్టి, మిగతా 100 కట్టలేకపోయాడు. అప్పిచ్చినవాడు కోర్టుకెక్కాడు. ప్రెస్, అక్షరాలు సగం ధరకు అమ్ముకోవాల్సిన పరిస్థితి. మెరెడిత్ చూస్తే తాగుడు మానడు.

అప్పుడు ఇద్దరు స్నేహితులు విడివిడిగా వచ్చారు. ఒకరు వచ్చినట్టు ఇంకొకరికి తెలియదు. ఫ్రాంక్లిన్ ఎవరినీ అడగలేదు. వ్యాపారం నువ్వొక్కడివే తీసుకో, కావాల్సిన మొత్తం నేనిస్తానని ఇద్దరూ అన్నారు. ఒకరు విలియం కోల్‌మన్, రెండోవాడు రాబర్ట్ గ్రేస్. ఇద్దరూ జుంటో సభ్యులే. ఎవరి మనసూ నొప్పించకుండా చెరిసగం తీసుకున్నాడు. 1730లో ప్రెస్ పూర్తిగా అతని చేతికొచ్చింది.

ఇచ్చిన ప్రతిదీ తిరిగొస్తుందని మాత్రం అనుకోకండి. అంతకుముందు ఫ్రాంక్లిన్ తన దగ్గర ఒకరు నమ్మి ఉంచిన సొమ్ములోంచి చిన్ననాటి స్నేహితుడికి అప్పులిచ్చాడు. అతను తాగి తగలేసి, బార్బడోస్ వెళ్లి మళ్లీ కనిపించలేదు. ఆ బాకీ ఫ్రాంక్లినే వడ్డీతో తీర్చాడు. మన సమయం, మన డబ్బు, మన నైపుణ్యం ఇవ్వొచ్చు. మనది కానిది ఇస్తే అది ఉదారత కాదు.

ఉత్తరాలే ఆయన ఆన్‌లైన్

1731లో జుంటో మిత్రుల పుస్తకాల ఆలోచనలోంచి చందా లైబ్రరీ పుట్టింది. చందాలు అడిగేటప్పుడు, ఇది నా ఆలోచన అంటే జనం వెనకాడుతున్నారని గమనించి, కొందరు మిత్రుల ప్రయత్నం అని చెప్పి తను వెనక్కి తగ్గాడు. 50 మంది చేరారు. ఆ లైబ్రరీకి లండన్‌లో పుస్తకాలు కొని పంపే బాధ్యత పీటర్ కాలిన్సన్ అనే బట్టల వ్యాపారి తీసుకున్నాడు. పైసా ఆశించకుండా ఏళ్ల తరబడి చేశాడు. ఒకసారి పుస్తకాలతోపాటు విద్యుత్ ప్రయోగాలకు పనికొచ్చే గాజు గొట్టం పంపాడు. ఫ్రాంక్లిన్ ప్రయోగాలు చేసి, తెలిసిందంతా ఉత్తరాల్లో రాసి పంపాడు. వాటిని కాలిన్సన్ చొరవతోనే 1751లో లండన్‌లో పుస్తకంగా అచ్చువేశారు. మరుసటి ఏడాది ఫ్రాన్స్‌లో డాలిబార్ అనే ఆయన ఆ పుస్తకంలో చెప్పినట్టే చేసి, మెరుపు విద్యుత్తేనని నిరూపించాడు. 1753లో రాయల్ సొసైటీ ఫ్రాంక్లిన్‌కు కాప్లీ పతకం ఇచ్చింది. రెండేళ్లు బడికి వెళ్లిన ప్రెస్ పనివాడికి ఆ గౌరవం ఒక లైబ్రరీ పరిచయంతో మొదలైంది.

తక్కువ కట్టెలతో ఎక్కువ వేడినిచ్చే పొయ్యి కనిపెట్టినప్పుడు, గవర్నర్ పేటెంట్ ఇస్తానన్నా తీసుకోలేదు. దాని నమూనాను పాత మిత్రుడు గ్రేస్‌కు ఇచ్చాడు. గ్రేస్‌కు ఇనుము పోతపోసే కొలిమి ఉంది, ఆ పొయ్యి పలకలతో బాగా లాభపడ్డాడు. ఒకప్పుడు అడగకుండా వచ్చి అప్పిచ్చినవాడు ఇతనే కదా.

ఒక లోపం కూడా చెప్పుకోవాలి. జుంటోలో స్త్రీలు లేరు. ఫ్రాంక్లిన్ ఇంట్లో చాలాకాలం బానిసలు ఉన్నారు. బానిసత్వం పోవాలని గట్టిగా పనిచేసింది చివరి ఏళ్లలోనే. మీ గ్రూపు మొదలుపెట్టేటప్పుడు ఎవరు బయట ఉండిపోతున్నారో కూడా చూడండి. ఇంగ్లిష్ రాదని వెనక బెంచీలో మౌనంగా ఉండే క్లాస్‌మేట్ వాళ్లలో ఉండొచ్చు.

వీలునామాలో ఇద్దరు

ఫ్రాంక్లిన్ 1790లో 84వ ఏట చనిపోయాడు. బోస్టన్‌కు, ఫిలడెల్ఫియాకు చెరో 1000 పౌండ్లు రాసిపెట్టాడు. పని నేర్చుకుని స్థిరపడుతున్న, 25 ఏళ్లలోపు వివాహితులైన చేతిపనివాళ్లకు 5 శాతం వడ్డీతో అప్పులివ్వాలన్నాడు. ఆ సొమ్ము పెరుగుతూ 200 ఏళ్ల పాటు నడవాలని లెక్క వేశాడు. కారణమూ వీలునామాలోనే రాశాడు. ఊళ్లో ఇద్దరు స్నేహితులు ఇచ్చిన అప్పుతోనే తను నిలదొక్కుకున్నాడు.

అందులో ఒక షరతు ఉంది. అప్పు కావాల్సిన కుర్రాడు, తన నడవడి తెలిసిన ఇద్దరు పెద్దమనుషుల్ని జామీనుకు తెచ్చుకోవాలి.

మీకు ఫోన్‌లో 500 కనెక్షన్లు ఉండొచ్చు. వాళ్లలో మీ కోసం జామీను సంతకం పెట్టే ఇద్దరు ఎవరు? పేర్లు తట్టకపోతే కంగారు పడకండి. ఈ వారం రెండు పనులు చేయండి. మీరు రాసిన ఇంటర్వ్యూ ప్రశ్నలు జూనియర్లకు పంపండి. మీకు సరిపోని ఉద్యోగ ప్రకటన, దానికి సరిపోయే స్నేహితుడికి ఫార్వర్డ్ చేయండి. వచ్చే శుక్రవారం మళ్లీ చేయండి. జుంటో కూడా వారానికో సాయంత్రంతోనే మొదలైంది.