బుద్ధఘోషాచార్యుడు

పామర్రునుండి కూచిపూడి మీదుగా దక్షిణమునకు బోవువారికి ఘంటసాల కానవచ్చును. అచ్చటి మహాచైత్యపు శిథిలములు, కృష్ణాతీరమున బౌద్ధధర్మ మొకప్పు డెంత వర్ధిల్లెనో నేటికిని తెలుపుచున్నవి. ఆ ధర్మమునందలి ధ్యానమార్గమును, నూతనాభ్యాసికి సైతము దారి తెలియునట్లు గ్రంథస్థము గావించిన మహనీయుడు బుద్ధఘోషాచార్యుడు.

ఈయన క్రీ. శ. 5వ శతాబ్దివాడు. సింహళ చరిత్రమగు చూళవంశము ఈయన బుద్ధగయ చెంత బ్రాహ్మణ కుటుంబమున జన్మించెనని చెప్పుచున్నది. కాని ఈయన రచించిన విశుద్ధిమార్గముయొక్క తుది వాక్యములలో మోరండఖేటక మను స్థలనామము గలదు. పాళిభాషలో మోర మనగా నెమలి. ఆ స్థలము పల్నాటిసీమలోని కోటనెమలిపురియే యనియు, ఆచార్యుడు తెలుగునేలకు జెందినవాడనియు కొందఱు పండితుల తలంపు.

యౌవనమున ఈయన వేదవిద్యలం దారితేరి, వాదములకై దేశసంచారము చేయుచుండెనట. ఒక విహారమున రేవతుడను స్థవిరుడు వినిపించిన బౌద్ధధర్మమునకు అర్థము చెప్పజాలక పోయెను. ఓటమికి కోపింపక, దానిని నేర్చుటకై ఆయనకే శిష్యుడయ్యెను. పాండిత్యగర్వమును విడిచిన ఆ దినమే ఈయన జీవితమునకు నిజమైన ఆరంభ మనదగును.

పిమ్మట మహానామరాజు కాలమున సింహళమునకేగి, అనురాధపురమందలి మహావిహారమున చేరెను. అచ్చటి భిక్షువులు పరీక్షింపగోరగా విశుద్ధిమార్గమును రచించి వారిని మెప్పించి, సింహళభాషలోని ప్రాచీనవ్యాఖ్యలను పాళిలోనికి దెచ్చెను. ఆంధ్రదేశపు వ్యాఖ్యయగు అంధకట్ఠకథను సైతము పరిశీలించి, సరికాదని తోచినచోట నిస్సంకోచముగ నిరాకరించెను.

ఈయన బోధ శీలముతో నారంభమగును. నడవడి చక్కబడనివానికి సమాధి కుదురదు. సమాధి కుదురనిచో ప్రజ్ఞ కలుగదు. ధ్యానవిషయములు 40, మానవస్వభావములు 6. వైద్యుడు రోగి నెఱిగి మందిచ్చునట్లు, గురువు శిష్యుని స్వభావ మెఱిగి ధ్యానవిషయము నొసగవలెను. కోపస్వభావునికి మైత్రీభావన తగును; ఆలోచనలతో చెదరువానికి శ్వాసధ్యానము తగును.

శ్వాసను మొదట ధాన్యము కొలుచువానివలె నిదానముగ లెక్కింపవలెను. అయిదింటికి తగ్గినచో మనస్సు ఇఱుకున బడి కలత చెందును. పదింటికి మించినచో శ్వాసను విడిచి లెక్కను పట్టుకొనును. మైత్రిని తనయందే ఆరంభించి, పూజ్యులకును, ప్రియులకును, పరులకును, తుదకు శత్రువునకును వ్యాపింపజేయవలెను. శత్రువుతో నారంభించిన నూతనాభ్యాసికి కోపమే పుట్టును.

ఇన్ని గ్రంథములు వ్రాసియు ఈయన తన్నుగూర్చి వ్రాసికొన్నది మిక్కిలి స్వల్పము. అయినను శ్రీలంక, మయన్మారు, థాయిలాండు దేశముల బౌద్ధులకు విశుద్ధిమార్గము నేటికిని ప్రమాణగ్రంథము. చదువరులారా! వాదమున గెలుచుటకు మనము వెచ్చించు కాలములో, పది శ్వాసలు లెక్కించుటకు పట్టునది యెంత? కోపము వచ్చిన వేళ ఆ పదింటిని లెక్కింప నేర్చినవాడే ఈ ఆచార్యుని జీవితమును చదివినవాడు.