శ్రీనివాస రామానుజన్ – సంఖ్యల పట్టిక

1910వ సంవత్సరాంతమున నెల్లూరు కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావును చూచుటకు ఒక యువకుడు వచ్చెను. మనిషి పొట్టి, దేహము స్థూలము, గడ్డము మాసియుండెను. కన్నులు మాత్రము మిలమిల మెరయుచుండెను. చంకలో చినిగిన నోటుపుస్తకమొకటి కలదు. అతడు కోరినది ఐశ్వర్యము కాదు. పొట్ట గడచుచు గణితము చేసికొనుటకు కావలసిన తీరిక మాత్రమే. రామచంద్రరావు గణితాభిమాని. కొంతకాలము నెలకు 25 రూపాయల చొప్పున ఆ యువకునకు సాయము చేసెను. ఆ యువకుడే శ్రీనివాస రామానుజన్.

రామానుజన్ 1887వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడులో జన్మించి, కుంభకోణమున పెరిగెను. తండ్రి బట్టల దుకాణములో గుమాస్తా. గణితముపై గల మమకారముచే తక్కిన పాఠములను విడిచి, రామానుజన్ ఎఫ్.ఏ. పరీక్షయందు తప్పెను. 1912లో మద్రాసు పోర్టుట్రస్టులో 30 రూపాయల జీతమునకు గుమాస్తాగా చేరెను. మరుసటి యేట కేంబ్రిడ్జి ఆచార్యుడగు హార్డీకి లేఖ వ్రాసెను. ఆ లేఖయే అతనిని 1914లో సముద్రము దాటించెను.

ఇంగ్లండులో శాకాహారియగు రామానుజన్ తన వంట తానే చేసికొనుచు, చలికి ఓర్చుకొనుచు, అహోరాత్రములు పరిశ్రమించెను. అతనిని ఆకర్షించిన విషయములలో ఒకటి బాలురకు సైతము సుబోధము. 12ను 1, 2, 3, 4, 6, 12 నిశ్శేషముగా భాగించును. అనగా దానికి ఆరు భాజకములు కలవు. 12 కంటె చిన్నదగు ఏ సంఖ్యకును ఆరు భాజకములు లేవు. 24, 36, 48, 60 అను సంఖ్యలు నిట్టివే. తనకంటె చిన్నవగు సంఖ్యలన్నిటికంటెను ఎక్కువ భాజకములు గల ఇట్టి సంఖ్యలను ‘అతిసంయుక్త సంఖ్యలు’ అందురు. దినమునకు 24 గంటలు, గంటకు 60 నిమిషములు ఏర్పరచిన పూర్వులకు ఈ పేరు తెలియకపోయినను, ఇట్టి సంఖ్యలలోని సౌకర్యము తెలిసియే యుండవలెను.

రామానుజన్ ఈ సంఖ్యల నిర్మాణమును శోధించెను. అట్టి సంఖ్యను ప్రధాన సంఖ్యల లబ్ధముగా వ్రాసినచో, 2 ఎన్నిమారులు వచ్చునో 3 అంతకు మించి రాదు. 3ను మించి 5 రాదు. ఇట్లే చివరి వరకు. చివరి ప్రధాన సంఖ్య ఒక్కమారే వచ్చును. 4, 36 అను రెండు సంఖ్యలకు మాత్రమే ఈ నియమము వర్తింపదు. కంప్యూటర్లు లేని ఆ దినములలో అతడు నూరింటికి పైగా ఇట్టి సంఖ్యలకు పట్టిక కూర్చెను. అందు చివరిది 6746328388800. దీనిలో 2 ఆరుమారులు, 3 నాలుగుమారులు, 5, 7 రెండేసి మారులు, 11, 13, 17, 19, 23 ఒక్కొక్కమారు గుణకములుగా నున్నవి. ప్రతి లెక్కకును ఒకటి చేర్చి గుణించినచో, 7×5×3×3×2×2×2×2×2, అనగా 10080 భాజకములు!

లండన్ గణితశాస్త్ర సంఘము 1915లో ఈ వ్యాసమును ప్రచురించెను. ఎఫ్.ఏ. దాటలేని ఆ విద్యార్థికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1916లో పరిశోధన మూలమున బి.ఏ. పట్టము నొసగెను. కాని సంఘమునకు ధనము చాలనందున వ్యాసములో కొంత భాగము అచ్చు కాలేదు. ఆ భాగము టిప్పణములతో పత్రికకెక్కుటకు 1997 వరకు వేచియుండవలసి వచ్చెను.

1918లో రామానుజన్‌కు రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. అప్పటికే ఆరోగ్యము చెడియుండెను. 1919లో స్వదేశమునకు తిరిగివచ్చి, 1920 ఏప్రిల్ 26వ తేదీన, 32 ఏండ్ల ప్రాయమున మద్రాసులో కన్నుమూసెను.

తరువాతివారు ఆ పట్టికను సరిచూడగా ఒకే ఒక సంఖ్య లోపించినట్లు తేలినది. అది 293318625600, దానికి 5040 భాజకములు కలవు. సంఖ్యలతో అంతటి చెలిమి గల రామానుజన్ కంటికిని అది చిక్కలేదు. చిత్రమేమన, పట్టికలోని చివరి సంఖ్యను 23చే భాగించినచో వచ్చునది ఆ సంఖ్యయే.