కర్నల్ బెడ్డోమ్

విశాఖపట్టణ మనగానే మనకు ఓడరేవును, ఉక్కు కర్మాగారమును స్ఫురించును. ఆ నగరమునకు వెనుకనున్న మన్యపు కొండలలోని ప్రాణులను శాస్త్రలోకమునకు ఎరుకపరచిన వారిలో రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ ముఖ్యుడు. ఆయన 1830లో లండనులో జన్మించెను. 1848లో మద్రాసు సైన్యమున చేరి, కొలదికాలమునకే అటవీశాఖకు మారి, 1860 మొదలు 1882 వరకు చెన్నరాజధాని అడవులకు కన్సర్వేటరుగా నుండెను.

ఆయన ఉద్యోగము అడవులను కాపాడుట. ఆసక్తి కన్ననో ఎల్ల లేదు. చెట్లు, ఫెరను మొక్కలు, నత్తలు, పాములు, కప్పలు, దేనిని చూచినను విడిచెడివాడు కాడు. శేషాచలపు కొండలకు ప్రత్యేకమైన పెరిత చెట్టునకు శాస్త్రజ్ఞు లాయన పేరే పెట్టిరి.

ఒక ప్రాణి యే మేర నివసించుచున్నదో పటముపై గుర్తించుటకు మొదటి ఆధారము సీసాపై అంటించిన చీటి. అందు స్థలము స్పష్టముగా లేనిచో ప్రాణి దొరికియు దొరకనట్లే. బెడ్డోమ్ 1870లో ఒక వింత నలికండ్లపామును వర్ణించెను. దానిది పొడవైన దేహము. కాళ్ళు పేరునకు మాత్రమే. దొరికిన చోటు గోల్కొండ కొండలని వ్రాసెను. చదువరి వెంటనే హైదరాబాదు కోటను తలచుకొనును! అది నిజమునకు విశాఖ మన్యములోని గొలుగొండ. ఆనాటి దొరల వ్రాతలో అట్లు మారినది. శతాబ్దము దాటిన పిదప ఆ జీవి విశాఖ ప్రాంతముననే మరల కనబడెను. 1877లో ఆయన జయపురపు కొండనుండి వర్ణించిన బల్లియు నట్టిదే. అప్పుడు జయపురము విశాఖ మండలములోనిది. 1936లో ఒరిస్సాలో చేరినది. ఆ బల్లి మరల దొరికినట్లు 2012లో ప్రకటితమైనది. అది ఒరిస్సాలోని దేవమాలిపైనను, మన గాలికొండపైనను కలదు.

ఇక నేలకప్పల సంగతి. ఆయన సేకరించిన ప్రాణులు పెక్కు లండనులోని బ్రిటిషు మ్యూజియమునకు చేరెడివి. అచ్చటి పండితుడు ఆల్బర్ట్ గుంథర్ 1876లో దక్షిణదేశపు నేలకప్పలను రెండింటిని నూతనముగా వర్ణించెను. ఒకదానికి బెడ్డోమ్ పేరే పెట్టెను. అది పడమటి కనుమల దక్షిణభాగమునకు చెందినది. రెండవది హోలోలియస్, ఒళ్ళంతయు నున్ననిదని ఆ గ్రీకు మాటకు అర్థము. దాని జన్మస్థలము మలబారు అని మాత్రమే యున్నది. ఊరు లేదు, కొండ లేదు. ఆ చీటి వ్రాసినవా రెవరైనను, అది పడమటి కనుమల ప్రాణియని చాలకాలము తలచుటకు ఆ యొక్క మాటయే కారణమైనది. బెడ్డోమ్ 1911లో మరణించెను. ఆ చిక్కు ఆయన జీవితకాలమున విడలేదు.

తరువాత పరిశోధకుల కా కప్ప కనబడినది దక్కను పీఠభూమిలోను, తూర్పు కనుమలలోను, ఎండకు కాలు రాతినేలలలో. రెండు కప్పలును నేడు దత్తాఫ్రైనస్ అను ప్రజాతిలో చేరినవి. ఆ నామము ఒరియా శాస్త్రజ్ఞుడు సుశీల్ కుమార్ దత్త పేర ఏర్పడినది. హోలోలియస్‌కు ఆంగ్లమున మాత్రము నేటికిని మలబారు కప్ప యనియే వ్యవహారము.